గంట మోగాలా, వద్దా?

ఇంట్లో ఫోను గంట మోగుతుంది. ఎవరు చేశారో తెలియదు. రిసీవరు తీసి "హలో" అంటేగాని తెలియదు. పాతకాలపు టెలిఫోనుతో వచ్చిన చిక్కే ఇది. డాక్టరుగారు చేసినా, దారితప్పిన నంబరు వచ్చినా గంట ఒకే తీరుగా మోగేది. ఏ కాల్ కావాలో, ఏది అక్కరలేదో తేల్చే శక్తి దానికి లేదు.

ఈనాడు కొన్ని ఇళ్ళలో ఉండే ఇంటర్నెట్ ఫోను అడాప్టరు అనే చిన్న పెట్టె ఆ పని చేయగలదు. గంట మోగించాలా, వేరే చోటికి పంపాలా, అసలు మోగించకుండా కాల్‌ను వెనక్కి తిప్పాలా అని ముందే తేల్చుకుంటుంది. "తేల్చుకుంటుంది" అన్నామని దానికి బుర్ర ఉందనుకోకండి! మనం రాసిపెట్టిన నియమాలను వరసగా చదువుకుంటూ పోవడమే దానికి తెలుసు. నియమం బాగుంటే మేలు, నియమం తప్పయితే కీడు. ఆ కీడు ఎంత పెద్దదో, దాన్ని ఎలా తప్పించుకోవచ్చో చూద్దాం.

మనుషుల చేతి నుంచి యంత్రం చేతికి

మొదట్లో టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్లు కూర్చునేవారు. "ఫలానావారు కావాలి" అని చెబితే తీగను ఒక రంధ్రంలోంచి తీసి మరో రంధ్రంలో గుచ్చేవారు. అమెరికాలోని కాన్సస్ సిటీలో అల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన శవసంస్కారాల వ్యాపారం చేసేవాడు. తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీ వ్యాపారికి మళ్ళిస్తోందని ఆయనకు అనుమానం కలిగిందని చెబుతారు. ఆ అనుమానం సంగతి ఎలా ఉన్నా, మనిషి అవసరం లేకుండా అంకెలను బట్టి తీగలను కలిపే యంత్రాన్ని ఆయన రూపొందించాడు. దానికి 1891లో పేటెంటు వచ్చింది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ అనే ఊళ్ళో అలాంటి ఎక్స్‌ఛేంజి పనిచేయడం మొదలుపెట్టింది.

అంటే, కాల్ ఎటు పోవాలో నిర్ణయించే అధికారం మనిషి నుంచి యంత్రానికి మారి నూట ముప్ఫై ఏళ్ళు దాటింది. అయితే ఆ యంత్రం టెలిఫోను కంపెనీవారి భవనంలో ఉండేది. ఇప్పుడు ఆ అధికారంలో కొంత మన బల్లమీది పెట్టెలోకి వచ్చింది. తేడా అంతే.

పెట్టెలో ఏముంది?

అడాప్టరుకు ముఖ్యంగా మూడు రంధ్రాలుంటాయి. ఒకటి కరెంటుకు, ఒకటి ఇంటర్నెట్ తీగకు, ఒకటి మామూలు టెలిఫోనుకు. ఆప్టికల్ ఫైబర్ కనెక్షను ఉన్న ఇళ్ళలో గోడకు తగిలించిన పెట్టె వెనక కూడా టెలిఫోను రంధ్రం ఉండటం మీరు చూసే ఉంటారు. అక్కడ అడాప్టరు విడిగా కాక, ఆ పెట్టెలోనే కలిసి ఉందన్నమాట. అలాంటి చోట్ల నియమాలు చాలావరకు కంపెనీవారి చేతిలోనే ఉంటాయి. విడిగా కొనుక్కునే అడాప్టర్లలో కొన్నిటికి మనమే నియమాలు రాయవచ్చు.

ఈ పెట్టెకు రెండు పనులు. మొదటిది: టెలిఫోనుకు తాను ఎక్స్‌ఛేంజిలాగా కనిపించడం. ఫోనుకు విద్యుత్తు ఇస్తుంది, గంట మోగించడానికి వోల్టేజి పెంచి సెకనుకు 20, 25 సార్లు దిశ మారే విద్యుత్తును పంపుతుంది. రెండవది: మాటను అంకెలుగా మార్చడం. మీరు మాట్లాడుతుంటే ధ్వని బలం ఎంతుందో సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కొక్క కొలతను 8 బిట్లలో రాస్తుంది. గుణించి చూడండి, సెకనుకు 64,000 బిట్లు! వీటిని సాధారణంగా సెకనులో యాభయ్యో వంతుకు ఒక పొట్లం చొప్పున కట్టి ఇంటర్నెట్‌లోకి పంపుతుంది. ఒక్కో పొట్లంలో 160 కొలతలు ఉంటాయి. ఇది ఎక్కువమంది వాడే పద్ధతుల్లో ఒకటి.

కాల్ వచ్చే ముందు ఒక ఉత్తరం

మాటల పొట్లాలు రావడానికి ముందు ఒక చిన్న ఉత్తరం లాంటి సందేశం వస్తుంది. ఈ ఉత్తరాలను ఎలా రాయాలో చెప్పే ఒప్పందాన్ని "సిప్" అంటారు. ఇది మొదట 1999లో వెలువడింది, 2002లో సవరించిన రూపం వచ్చింది. ఉత్తరంలో "ఎవరి నుంచి", "ఎవరికి" అనే పంక్తులు ఉంటాయి. మన పోస్టు కవరు మీద కుడివైపు చేరవలసిన చిరునామా, ఎడమవైపు పంపినవారి చిరునామా రాసినట్టే.

ఉత్తరం అందగానే పెట్టె జవాబులు రాస్తుంది. జవాబులకు అంకెలు ఉంటాయి. 180 అంటే "గంట మోగుతోంది". 200 అంటే "సరే, రిసీవరు తీశారు". 486 అంటే "ఫోను ఖాళీగా లేదు". 603 అంటే "ఈ కాల్ వద్దు". ఉత్తరం చదవడానికీ, 180 అని జవాబు రాయడానికీ మధ్య ఉన్న క్షణంలోనే పెట్టె మన నియమాలను చదువుతుంది.

వాచ్‌మన్ చేతిలో చీటీ

ఒక హాస్టలు గేటు దగ్గర కొత్త వాచ్‌మన్‌ను పెట్టారనుకోండి. ఆయనకు ఎవరూ తెలియదు. వార్డెనుగారు ఒక చీటీ రాసి ఇచ్చారు: "పైనుంచి కిందికి చదువు. వచ్చినవారికి ఏ పంక్తి మొదట సరిపోతే ఆ ప్రకారం చెయ్యి. తరవాతి పంక్తులు చదవకు."

అడాప్టరు చేసేది సరిగ్గా ఇదే. 2010 తరవాతి దశాబ్దంలో అమెరికాలో చాలా ఇళ్ళకు చేరిన ఓబీ రకం పెట్టెల్లో ఈ చీటీ ఒకే పొడవాటి పంక్తిగా ఉండేది. నియమాలను కామాలతో విడదీసి, ఒక్కొక్కదాన్ని మీసాల బ్రాకెట్లలో పెట్టి రాసేవారు. ప్రతి నియమంలో రెండు భాగాలు. ఎడమవైపు "ఎవరైతే", కుడివైపు "ఎక్కడికి". మధ్యలో రెండు చుక్కలు. కుడివైపు ఫోను పేరు రాస్తే ఫోను మోగుతుంది. ఒకేసారి నాలుగు చోట్ల దాకా మోగించవచ్చు. కుడివైపు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలితే? ఆ కాల్‌ను ఆపెయ్యమని అర్థం. ఖాళీకి కూడా అర్థం ఉంది, చూశారా!

ఇక ఎడమవైపు. అక్కడ పూర్తి నంబరైనా రాయవచ్చు, నమూనా అయినా రాయవచ్చు. నమూనాలో "ఎక్స్" అనే అక్షరం ఏదైనా ఒక అంకెకు గుర్తు. బీజగణితంలో మనకు అలవాటైన ఎక్స్ లాంటిదే. నాలుగు ఎక్స్‌లు రాస్తే 0000 నుంచి 9999 వరకు పదివేల నంబర్లు అందులోకి వస్తాయి. ఏడు ఎక్స్‌లు రాస్తే కోటి నంబర్లు! ఒక్క అక్షరం ఎక్కువైతే నియమం పదిరెట్లు పెరుగుతుందని గుర్తుంచుకోండి. నంబరు దాచి చేసే కాల్స్‌కు ప్రశ్నార్థకం గుర్తు. నంబరు ఏమీ రాయకుండా ఫోను పేరు ఒక్కటే రాస్తే "మిగిలినవారంతా" అని అర్థం.

ఒక ఇంటి చీటీ

ఇప్పుడొక ఇంటిని ఊహించుకుందాం. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఒక తెలుగు కుటుంబం ఉంది. నాయనమ్మ గుంటూరులో ఉంటుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇంట్లో ల్యాండులైను నుంచే ఫోను చేస్తుంది. జెర్సీ సిటీ ఇంటి ఫోను నంబరు 201 555 0142 అనుకుందాం. కథల కోసం విడిగా కేటాయించిన నంబర్లలోది ఇది.

ఆ ఇంటికి రోజూ మోసపు కాల్స్ వస్తున్నాయి. ఆ మోసగాళ్ళు ఒక ఎత్తు వేస్తారు. మన నంబరులోని మొదటి ఆరు అంకెలే తమ నంబరులోనూ కనిపించేట్టు చేస్తారు. "పక్క వీధివారే కాబోలు" అని మనం తీస్తామని వారి ఆశ. విసిగిపోయిన తొమ్మిదో తరగతి అమ్మాయి పెట్టెకు ఇలా నియమాలు రాసింది:

1. 201 555 తరవాత ఏ నాలుగు అంకెలైనా: ఆపెయ్యి.
2. నంబరు దాచినవారు: ఆపెయ్యి.
3. 91 863 తరవాత ఏ ఏడు అంకెలైనా: ఫోను మోగించు.
4. మిగిలినవారంతా: "కాల్ కొనసాగాలంటే 1 నొక్కండి" అనే యంత్రానికి ఇవ్వు.

91 మన దేశపు కోడు, 863 గుంటూరు కోడు. నాలుగో నియమం తెలివైనది. రికార్డు చేసిన మాటలు వినిపించే యంత్రం చాలావరకు 1 నొక్కలేదు, మనిషి నొక్కగలడు. చూడగానే ఈ చీటీ భేషుగ్గా ఉందనిపిస్తుంది. వారం రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కూడా. కాని ప్రశాంతంగా ఉన్నదంటే నియమాలు సరిగా ఉన్నాయని అర్థం కాదు. ఆగిపోయిన కాల్ గంట మోగించదు గదా! ఏది పోయిందో మనకెలా తెలుస్తుంది?

మూడు గండాలు

మొదటి గండం: తమ్ముడి బడి నంబరు 201 555 0117 అనుకోండి. బడిలో పిల్లవాడికి జ్వరం వచ్చింది. టీచరు ఫోను చేశారు. మొదటి నియమం దాన్ని మోసగాళ్ళతోపాటు పట్టుకుని ఆపేసింది. బడి నంబరుకు "మోగించు" అని చీటీ చివర రాస్తే చాలదా? చాలదు. పెట్టె అంతదాకా చదవనే చదవదు. బడి నియమం మొదటి నియమానికి పైన ఉండాలి.

పదో తరగతిలో సమితులు చదివినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. బడి నంబరు ఒక్కటే ఉన్న సమితి, 201 555తో మొదలయ్యే పదివేల నంబర్ల సమితికి ఉపసమితి. ఉపసమితిని ముందు రాయాలి, పెద్ద సమితిని తరవాత రాయాలి. గుంటూరు నంబర్ల సమితికీ, 201 555 సమితికీ ఉమ్మడి మూలకాలు లేవు. అవి వియుక్త సమితులు. కాబట్టి వాటిలో ఏది ముందున్నా ఒకటే. "మిగిలినవారంతా" అనేది అన్నిటినీ మింగే సమితి. దాని చోటు ఎప్పుడూ చివరే. అది పైకి వస్తే కింది నియమాలన్నీ ఉన్నా లేనట్టే.

రెండవ గండం: ఒకే నంబరు వేర్వేరు వేషాల్లో వస్తుంది. నాయనమ్మ కాల్ ఏ కంపెనీల మీదుగా వచ్చిందన్న దాన్ని బట్టి అది ఒకనాడు 91 863తో మొదలవుతుంది. ఒకనాడు ముందు కూడిక గుర్తు ఉంటుంది. మరొకనాడు 011 91 863 అని ఉంటుంది. ఈ 011 అమెరికా నుంచి విదేశాలకు ఫోను చేసేటప్పుడు ముందు నొక్కే అంకెలు. మనకు ఇవన్నీ ఒకటే. పెట్టెకు మాత్రం మూడూ మూడు నంబర్లు. నమూనాతో అంకెకు అంకె సరిపోకపోతే "ఈమె ఎవరో" అంటుంది. కాల్ నాలుగో నియమానికి జారిపోతుంది. నాయనమ్మకు ఇంగ్లీషులో ఏదో గొంతు వినిపిస్తుంది. "రాంగ్ నంబరు" అనుకుని ఆమె పెట్టేస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

"అయితే ముందు ఏ అంకెలున్నా సరే, చివర 863తో మొదలయ్యే పది అంకెలుంటే చాలు అని రాస్తే?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. ఓబీ రకం పెట్టెల్లో ఎక్స్ పక్కన చుక్క పెడితే "ఎన్ని అంకెలైనా" అని అర్థం కూడా. కాని ఇక్కడొక తమాషా ఉంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో లేక్‌లాండ్ ప్రాంతపు కోడు కూడా 863! అక్కడా దాని తరవాత ఏడు అంకెలే. నియమాన్ని వదులు చేస్తే గుంటూరుతోపాటు లేక్‌లాండ్ కూడా లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి 91ని వదలకుండా మూడు వేషాలకూ మూడు నియమాలు రాయడమే క్షేమం.

మూడవ గండం అన్నిటికంటే పెద్దది. ఆ ఇంట్లో ఎవరికో గుండెనొప్పి వచ్చింది. 911కు ఫోను చేశారు. అది బయటికి వెళ్ళే కాల్, మన నియమాలు దాన్ని ఆపవు. మాట్లాడుతుండగా లైను తెగిపోయింది. అలాంటప్పుడు అత్యవసర కేంద్రంవారే ఆ ఇంటికి తిరిగి ఫోను చేస్తారు. ఆ కాల్ 911 అనే కాక, ఏదో ఒక మామూలు నంబరుగా కూడా కనిపించవచ్చు. ఆ నంబరు ఏమిటో ముందుగా తెలియదు. తెలియని నంబరుకు నియమం ఎలా రాస్తాం? రాయలేం.

ఆపడం కంటే అడగడం మేలు

ఇక్కడే ఒక మంచి సూత్రం దొరుకుతుంది. మనకు తెలియని కాల్‌ను "ఆపెయ్యి" అనకూడదు, "అడుగు" అనాలి. ఆపేస్తే అవతలి మనిషికి దారి లేదు. అడిగితే ఒక దారి మిగిలి ఉంటుంది. ఈ సూత్రం ప్రకారం చీటీని తిరగరాద్దాం:

1. 201 555 0117, అంటే బడి: మోగించు.
2. 91 863 తరవాత ఏడు అంకెలు: మోగించు.
3. కూడిక గుర్తు, 91 863, ఏడు అంకెలు: మోగించు.
4. 011 91 863, ఏడు అంకెలు: మోగించు.
5. మిగిలినవారంతా: యంత్రం అడగాలి.

నంబరు దాచినవారూ, పక్క వీధివారి వేషం వేసినవారూ అయిదో నియమంలోకే వస్తారు. వారిలో నిజమైన మనిషి ఉంటే 1 నొక్కి లోపలికి వస్తాడు. "ఆపెయ్యి" అనే మాటే చీటీలో లేదు. అయినా మోసపు యంత్రాల కాల్స్ చాలావరకు గంట మోగించలేవు.

యంత్రం అడిగే ప్రశ్న విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని పెట్టెల్లో ఆ యంత్రం 1తోపాటు మరికొన్ని దారులు కూడా చూపుతుంది. 2 నొక్కితే మన ఇంటి లైను మీదుగా బయటికి ఫోను చేసుకోనిస్తుంది. అది మనవారికి ఉపయోగమే. కాని దానికి రహస్య సంఖ్య పెట్టకపోతే ఎవడో దారిన పోయేవాడు మన ఖర్చుతో విదేశాలకు మాట్లాడతాడు. తలుపు తీసిపెట్టి, కిటికీకి గొళ్ళెం వేసినట్టవుతుంది.

నంబరు సాక్ష్యం కాదు

ఇంకొక మాట. నియమాలన్నీ ఉత్తరంలోని "ఎవరి నుంచి" అనే పంక్తి మీద ఆధారపడ్డాయి. కవరు మీద పంపినవారి చిరునామా ఎవరైనా ఏదైనా రాయవచ్చు గదా? ఇక్కడా అంతే. మోసగాడు మన బడి నంబరునే రాసుకుంటే మొదటి నియమం వాడికి తలుపు తీస్తుంది. దీన్ని అరికట్టడానికి పెద్ద ఏర్పాట్లు జరిగాయి. అమెరికాలో 2021 జూన్ చివరికల్లా పెద్ద టెలిఫోను కంపెనీలు తమ ఇంటర్నెట్ కాల్స్ మీద అంకెల సంతకం పెట్టాలని నియమం వచ్చింది. విదేశాల నుంచి వస్తూ మన దేశపు నంబర్లుగా కనిపించే దొంగ కాల్స్‌ను పట్టే ఏర్పాటును మన ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అయినా సరే, ఫోను మీద కనిపించే నంబరును చూసి మాత్రమే ఎవరికీ డబ్బు పంపకూడదు, రహస్య సంఖ్యలు చెప్పకూడదు. గంట మోగాలా వద్దా అని తేల్చడానికి నంబరు పనికొస్తుంది. ఎదుటివారు నిజం చెబుతున్నారా అని తేల్చడానికి పనికిరాదు.

పాత టెలిఫోనుకు ఎక్స్‌ఛేంజి నుంచే విద్యుత్తు వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా మోగేది. అడాప్టరు అలా కాదు. కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, నియమాలు ఎంత బాగున్నా గంట మోగదు. బ్యాటరీ ఏర్పాటు ఉండాలి, లేదా పక్కన సెల్‌ఫోను ఉండాలి.

మీరూ చేసి చూడండి

ఈ ప్రయోగానికి అడాప్టరు అక్కరలేదు. అట్టముక్కలు చాలు. తరగతిలో ఒకరు వాచ్‌మన్ కావాలి. అమ్మాయి మొదట రాసిన నాలుగు నియమాలను నాలుగు అట్టముక్కల మీద రాసి వరసగా బల్లమీద పెట్టండి. మరో ఆరు చీటీల మీద ఈ కాల్స్ రాయండి: 201 555 0117, 201 555 0163, నంబరు దాచిన కాల్, 91 863, ఏవో ఏడు అంకెలు, 011 91 863, ఏవో ఏడు అంకెలు, 1 863, ఏవో ఏడు అంకెలు. వాచ్‌మన్ ఒక్కొక్క చీటీ తీసి, పైనుంచి చదివి, మొదట సరిపోయిన నియమం దగ్గర ఆగాలి. ఏ నియమం పట్టుకుందో, ఏం జరిగిందో నల్లబల్ల మీద పట్టిక రాయండి.

తరవాత తిరగరాసిన అయిదు నియమాలతో మళ్ళీ ఆడండి. రెండు పట్టికల్లో ఎన్ని కాల్స్‌కు ఫలితం మారింది? అయిదు అట్టముక్కలను 120 వరసల్లో పేర్చవచ్చు. వాటిలో అయిదో నియమం చివర ఉండే వరసలు 24. ఈ 24 వరసల్లోనూ ఫలితం ఒకటే వస్తుంది. ఎందుకు? పైన చెప్పిన వియుక్త సమితులను గుర్తు తెచ్చుకుంటే కారణం మీకే తడుతుంది.

ఇంట్లో నిజంగా అడాప్టరు ఉండి నియమాలు మార్చదలిస్తే, ముందు పాత నియమాన్ని నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. పెద్దవారితో చెప్పండి. మార్చిన వెంటనే తెలిసినవారి చేత రెండు మూడు ఫోన్ల నుంచి చేయించి చూడండి. రావలసిన కాల్ వచ్చిందా అని చూడటమే అసలు పరీక్ష. రాకూడనిది ఆగిందా అన్నది ఆ తరవాతి ప్రశ్న.